మూడు గాట్లు

"మీరేనా?"

మూడోసారి అడిగింది ఆమె. తాళాల మేస్త్రి మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకుని, అవి ఎవరివో పరాయివాళ్ళవన్నట్టు చూస్తున్నాడు.

పదిహేడో గదికి తలుపు లేదు, తెర ఉంది. ఆ గోడౌనులో ఏ గదికీ తలుపు లేదు. చెక్క పలకలు అడ్డంపెట్టి, వాటి మీద అంకెలు వేసి, ఇవి గదులనుకోండి అన్నారు ఆఫీసువాళ్ళు. ఊరు కాలిపోతుంటే కట్టుబట్టలతో పరిగెత్తి వచ్చినవాళ్ళకి అనుకోవడం ఎంతసేపు? పద్నాలుగు నెలలుగా అనుకుంటూనే ఉన్నారు. ఇక్కడ ఒకరు దగ్గితే నాలుగు గదులు లేచి కూర్చుంటాయి కాబట్టి, మేస్త్రి భార్య కోపాన్నంతా పళ్ళ మధ్య నొక్కిపెట్టి మాట్లాడుతోంది.

"స్టోరు తాళం తీసింది మీరేనా అని అడుగుతున్నాను."

"తియ్యలేదు," అన్నాడు ఎట్టకేలకు. ఆమె ఊపిరి పీల్చుకునేలోపే, "బాగుచేశాను," అన్నాడు.

ఆమె వెనక ఉన్న ట్రంకుపెట్టె మీద కూలబడింది.

పొద్దున్నుంచి గోడౌనంతా ఆ తాళం గొడవే. స్టోరుగదికి వేసే తాళం కప్ప ముసలిది, మొండిది. రోజూ ఆరింటికి స్టోర్‌కీపరు తాళంచెవి పెట్టి తిప్పడం, అది తిరక్కపోవడం, అతను తిట్టడం, రాయి తీసుకుని నాలుగు దెబ్బలు వెయ్యడం, ఆ చప్పుడుకి జనం నిద్రలేవడం. ఇక్కడి కోడికూత అదే. అలాంటిది ఇవాళ తాళంచెవి పెట్టాడో లేదో, వేలితో తోసినంతలో తెరుచుకుంది. సంతోషించాల్సిన మనిషి హడలిపోయాడు. ఎవరో తీశారన్నాడు. లోపలికెళ్ళి సామాను లెక్కపెట్టి, పాలపొడి డబ్బాలు పన్నెండు తక్కువొచ్చాయన్నాడు. అంతకుముందు ఎప్పుడు లెక్కపెట్టావు నాయనా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఏడింటికల్లా కండక్టర్ని పిలిచి ఆఫీసులో కూర్చోబెట్టారు.

కండక్టర్ ముప్పై ఏళ్ళు బస్సుల్లో టిక్కెట్లు కొట్టినవాడు. ఇక్కడికొచ్చాక ఎవరూ చెప్పకుండానే తిండి లైను దగ్గర డ్యూటీ ఎక్కాడు. మెళ్ళో విజిలు, నోట్లో ఒకటే పాట: "ముందుకి జరగండి, ముందంతా ఖాళీ." ముందు ఖాళీ ఏనాడూ ఉండదు. అయినా ఆయన అన్నాడంటే జనం జరుగుతారు. ఆ లైను స్టోరు గుమ్మం పక్కనుంచే పోతుంది. పొద్దస్తమానం ఆ తాళానికి మూరెడు దూరంలో నిలబడే మనిషి ఇంకెవరున్నారని స్టోర్‌కీపరు వాదన.

ఇంకో రోజైతే ఈ తగువు మధ్యాహ్నానికి చల్లారిపోయేది. కానీ రేపు బస్సు ఉంది.

రేపు పొద్దున తొమ్మిదింటికి ఆ బస్సు పదకొండు కుటుంబాలను ఎక్కించుకుని ఒక పట్నానికి పోతుంది. అక్కడ గదులకి తలుపులుంటాయట. పెద్దవాళ్ళకి పనిచేసుకునే కాగితం ఇస్తారట. పిల్లలకి బడి ఉందట. జాబితాలో పదిహేడో గది పేరు ఉంది. కండక్టర్ పేరూ ఉంది. అతని భార్యని జబ్బుచేసి నాలుగు నెలల కిందటే ఆ పట్నం ఆస్పత్రికి పంపేశారు, ఇప్పుడతను ఒంటరిగా ఉంటున్నాడు. ఫిర్యాదున్నవాళ్ళ పేరు జాబితాలోంచి కొట్టేస్తారు. కొట్టేసిన పేరు మళ్ళీ ఎప్పుడెక్కుతుందో చెప్పగలిగినవాళ్ళు ఇంతవరకూ కనపడలేదు.

"ఎందుకు చేశారు?" అంది ఆమె. "రేపు బస్సు పెట్టుకుని, ఎందుకు చేశారు?"

ఈ మాటకి మేస్త్రి తలెత్తాడు. తర్వాత జరిగింది చూసి ఆమెకి కోపం ఇంకా పెరిగింది, ఎందుకంటే ఆయన ముఖం వెలిగిపోతోంది. దాని తప్పేమీ లేదన్నాడు. లోపల రెండో పలక కాస్త వంగింది, దుమ్ము పట్టింది, అంతే. రాయితో కొట్టేకొద్దీ ఇంకా వంగుతుంది. పద్నాలుగు నెలలు ఆ దెబ్బలు విన్నాను, ఒక్కో దెబ్బా ఇక్కడ పడేది, అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. పది నిమిషాలు నా చేతికివ్వండి బాబూ అని స్టోర్‌కీపర్ని మూడుసార్లు అడిగాడట. ఇక్కడున్నవాళ్ళు పని చెయ్యకూడదని రూలుంది పో అన్నాడట ఆ మహానుభావుడు. నిన్న మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. జనమంతా లోపలికి పోయారు, స్టోర్‌కీపరు భోజనానికి వెళ్ళాడు. గోడ పక్కన విరిగిన గొడుగొకటి పడుంది. దాని ఊచ ఒకటి విరుచుకున్నాడు. కూతురి జడపిన్ను ఒకటి జేబులో ఉంది.

జేబులో ఉందంటే ఎప్పటినుంచి ఉందని ఆమె అడగలేదు. అడిగితే నిజం చెప్తాడని భయం వేసింది.

పద్నాలుగు నెలల్లో ఆయన ఇన్ని మాటలు కలిపి మాట్లాడటం ఇదే మొదటిసారి. ఊళ్ళో ఆయనకి నాలుగడుగుల కొట్టు ఉండేది. ఏడింటికి తీస్తే దీపాలు పెట్టేవేళకి మూసేవాడు. తాళం పోయినా, తాళంచెవి పోయినా, పెళ్ళిలో బీరువా తెరుచుకోకపోయినా ఆయన్నే పిలిచేవారు. ఇక్కడ తాళం వేసుకోవడానికి ఎవరికీ తలుపే లేదు. ఐదింటికి మెలకువ వస్తుంది. తర్వాత ఏం చెయ్యాలో తెలియదు. తిండికి లైను, నీళ్ళకి లైను, సంతకానికి లైను, మళ్ళీ తిండికి లైను. మొదటి రెండు నెలలు ఇంకేదైనా చెప్పండి చేస్తాను అని అందరి వెంటా తిరిగాడు. తర్వాత తిరగడం మానేశాడు. తర్వాత మాట్లాడటం మానేశాడు. ఈ మధ్య గడ్డం గీసుకోవడం కూడా మానేశాడు.

ఆ సంగతి ఆమెకి తెలియనిదా? ఆయన కొట్టు పక్కనే ఆమె ఇస్త్రీ బండి ఉండేది. రోజుకి అరవై డెబ్భై జతలు చేసేది. ఇక్కడ మనిషికి రెండు జతలు, ఇస్త్రీపెట్టె లేదు, బొగ్గులు లేవు. అందుకని తడి ఆరీ ఆరని బట్టని మంచం మీద పరిచి, అరచేత్తో మడతలు తీసి, పరుపు కింద పెట్టి పడుకుంటుంది. పొద్దున తీసి చూసుకుంటుంది. చెయ్యి తేలిపోతోంది, బరువు లేక చెయ్యి తేలిపోతోంది అని ఒకరోజు ఏడ్చింది కూడా. రేపటి బస్సు కోసం ఆయన చొక్కా మూడు రోజులుగా ఆ పరుపు కిందే ఉంది.

తెలుసు కాబట్టే ఆయన్ని ఇంకా గట్టిగా తిట్టాలనిపించింది. తిట్టేలోపు కూతురు తెర తీసుకుని లోపలికొచ్చింది.

పదహారేళ్ళ పిల్ల. తొమ్మిదో తరగతిలో బడి ఆగిపోయింది. ఊరినుంచి పట్టుకొచ్చిన ఒకే ఒక్క లెక్కల పుస్తకాన్ని పాత చీటీల వెనక ఇప్పటికి ఆరుసార్లు చేసింది. చేసిన లెక్కలన్నీ మళ్ళీ చెరిపి చేస్తుంది, లేకపోతే చెయ్యడానికి లెక్కలుండవు. ఆ పిల్ల అరచెయ్యి చాచి అమ్మకి చూపించింది. అందులో నిలువునా చీల్చిన పెన్సిల్ ముక్క ఉంది. లోపల నల్లటి ములుకు లేదు, గాడి మాత్రం మిగిలింది.

"తాళంలో నూనె పొయ్యకూడదమ్మా," అన్నాడు మేస్త్రి నేరం చేసినవాడిలా. "నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత దుమ్ముకి జిగురైపోతుంది. పెన్సిల్ పొడి ఊదితే పదేళ్ళు తిరుగుతుంది."

"పెన్సిల్ పోతే పోయింది నాన్నా," అంది కూతురు. ఆ గొంతులో ఏడుపు లేదు, అది వాళ్ళిద్దరికీ ఇంకా కష్టంగా ఉంది. "రేపటి బస్సు మనకి తప్పిపోకూడదు. నేనింక ఈ పుస్తకం ఏడోసారి చెయ్యలేను."

గదిలో వినిపించిందల్లా మూలనుంచి మేస్త్రి తల్లి పళ్ళెం చప్పుడు ఒక్కటే.

ముసలమ్మ పప్పు ఏరుతోంది. ఊళ్ళో ఉన్నప్పుడు వీధి వీధంతా ఆమె చేతే పప్పు బాగుచేయించుకునేది. ఇక్కడ తిండి వండి పెడతారు, ఏరేదేమీ ఉండదు. అందుకని వచ్చిన కొత్తలో వంటవాళ్ళని బతిమాలి శేరు పప్పు తెచ్చుకుంది. పెరట్లో పన్నెండు రాళ్ళు ఏరుకుంది. రోజూ పొద్దున పప్పులోంచి ఆ పన్నెండు రాళ్ళూ ఏరుతుంది. సాయంత్రం మళ్ళీ కలిపేస్తుంది. మొదట్లో పక్క గదివాళ్ళు నవ్వారు. ఇప్పుడెవరూ నవ్వడం లేదు. పన్నెండూ దొరికేదాకా ముసలమ్మ పలకదు. ఇవాళ ఇప్పటికి తొమ్మిదే దొరికాయి.

మధ్యాహ్నం తిండి వేళకి కండక్టర్ని వదిలారు. నాలుగింటికి మళ్ళీ రావాలన్నారట. ఆయన లైను దగ్గరకి పోలేదు. విజిలు జేబులో పెట్టుకుని నేరుగా పదిహేడో గది ముందుకొచ్చి, తెర బయటే నిలబడి దగ్గాడు.

"లోపలికి రండి అన్నయ్యగారూ," అంది ఆమె. రాకపోతే బాగుండునని మనసులో అనుకుంది.

ఆయన రాలేదు. తెర కొంచెం పక్కకి జరిపి, మేస్త్రిని మాత్రమే చూస్తూ నెమ్మదిగా మాట్లాడాడు. నిన్న వానలో జనమంతా పోయాక కూడా తను లైను దగ్గరే ఉన్నాడట, పోవడానికి వేరే చోటు లేక. రేకు కింద నిలబడి ఉన్నాడట.

"చూశాను మేస్త్రీ."

మేస్త్రి తల వంచుకున్నాడు.

"పొద్దున అడిగారు, ఎవరినైనా చూశావా అని. చూడలేదన్నాను."

"ఎందుకలా అన్నారు?" అని ఆమె నోరుజారి అడిగేసింది.

కండక్టర్ జేబులో విజిలు తడుముకున్నాడు. "ముప్పై ఏళ్ళలో టిక్కెట్ లేనివాణ్ణి నలుగురిలో నిలబెట్టి ఎప్పుడూ అడగలేదమ్మాయ్. పక్కన నిలబడి ఊరుకుంటాను. వాడే తీసుకుంటాడు."

రేపు వస్తున్నానని ఆస్పత్రిలో ఉన్న తన ఆవిడకి మొన్ననే కబురు పంపానని మాత్రం చెప్పాడు. పంపకుండా ఉండాల్సిందేమో అన్నాడు. తెర వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆయన అడుగుల చప్పుడు పోయేదాకా ఆగి మేస్త్రి లేచాడు. చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఆమె వెళ్ళి తెరకి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి?"

"చెప్పేసి వస్తాను."

"ఏమని చెప్తారు? తాళం మాత్రమే ముట్టుకున్నాను, డబ్బాలు ముట్టుకోలేదు అంటారా? ఎవరు నమ్ముతారు? కట్టుకున్నదాన్ని, నాకే మూడుసార్లు అడిగితే గానీ చెప్పలేదు మీరు." ఆమె గొంతు తగ్గించింది. "మీరు చెప్తే మనం నలుగురం ఇక్కడే ఉంటాం. చెప్పకపోతే ఆయన ఒక్కడూ."

అనేసింది. అన్నాక ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని భయపడింది. అన్నయ్యగారూ అని పిలిచి ఇంకా పది నిమిషాలు కాలేదు. కూతురు గోడవైపు తిరిగి పుస్తకం తెరిచింది, లెక్క చెయ్యడానికి పెన్సిల్ లేదని గుర్తొచ్చి మూసేసింది.

మేస్త్రి చెప్పులు విడిచి మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. "సరే," అన్నాడు.

ఆ "సరే" విన్నాక ఆమెకి నిశ్చింతగా ఉండాలి. లేదు. ఊళ్ళో ఉన్నప్పటి మనిషైతే ఆమెని పక్కకి నెట్టి వెళ్ళేవాడు. ఈ మనిషి ఏం చెప్పినా సరే అంటాడు. ఈ పద్నాలుగు నెలలూ ఆయనలోంచి ఏం తీసుకుపోయాయో ఆమెకి ఆ ఒక్క మాటలో తెలిసింది. అయినా వెనక్కి తగ్గలేదు. రేపటిదాకా, రేపు బస్సు ఎక్కేదాకా, తర్వాత ఎంతకాలమైనా ఏడుద్దాం అనుకుంది.

"ఇంకో సంగతుంది," అన్నాడు మేస్త్రి నేల చూస్తూ. "గాట్లు పెట్టాను."

ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తెర కొంచెం తీసి బయటికి తొంగి చూసింది.

బాగుచేసిన ప్రతి తాళానికీ కొక్కెం లోపలివైపు, తీస్తే తప్ప కనపడనిచోట, మూడు చిన్న గాట్లు పెట్టడం వాళ్ళింటి అలవాటు. మేస్త్రి తండ్రి నేర్పింది. గాట్లున్న తాళం ఎప్పుడు తిరిగొచ్చినా ఊరికే బాగుచేసి ఇవ్వాలి, ఇది నా చేతి పని అని ఒప్పుకోవాలి. నిన్న వానలో, దొంగలా నక్కి చేసిన పనికి కూడా, ఆ మహానుభావుడు జేబులోని నెయిల్ కట్టర్ ఆకురాయితో తీరిగ్గా మూడు గాట్లు పెట్టాడు. పెట్టకపోతే పని అయిపోయినట్టు అనిపించలేదట.

"దొంగతనం చేసి పేరు రాసొస్తారా ఎక్కడైనా?" అంది ఆమె.

"దొంగతనం చెయ్యలేదుగా," అన్నాడాయన.

ఆ జవాబుకి ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటికీ టైం లేదు. వెనక్కి తిరిగి తను కూర్చున్న ట్రంకుపెట్టెని చూసింది. ఆ పెట్టెకి వేసిన తాళానికీ మూడు గాట్లున్నాయి. మావగారు బాగుచేసిన తాళం. ఊళ్ళోంచి తెచ్చుకున్న ఇనుము అంతా ఇంతే. గదులు వెతకడానికి వస్తే చాలు.

గబగబా తాళం తీసింది. గదిలో దాచడానికి చోటేదీ? పరుపు కింద చొక్కా ఉంది, చొక్కా కింద నేల ఉంది. అత్తగారి పప్పు సంచి కనపడింది. తాళాన్ని అడుగుదాకా దూర్చి పప్పు కప్పేసింది. పెన్సిల్ ముక్కలు మరుగుదొడ్డిలో పారేసింది. జడపిన్ను కూతురి జడలో పెట్టింది. గొడుగు ఊచ ఎక్కడ అంటే, అక్కడే గోడ పక్కన పడేశాను అన్నాడు మేస్త్రి. అది పోనీలే అనుకుంది, దాని మీద పేరేమీ ఉండదు.

ముసలమ్మ సంచిలో చెయ్యి పెట్టి, తడిమి, ఆగింది.

"ఇంత రాయి నేను కలపలేదే," అంది.

"అత్తయ్యా, ఇవాళ్టికి అదక్కడే ఉండనివ్వండి."

ముసలమ్మ ఇంకోసారి తడిమింది. వేళ్ళకి గాట్లు తగిలాయి కాబోలు, చెయ్యి అక్కడే ఉండిపోయింది. తర్వాత రెండు గుప్పెళ్ళ పప్పు తీసి దాని మీద పోసింది. ఏరుతున్న పళ్ళెం పక్కన పెట్టేసింది. పన్నెండో రాయి దొరక్కముందే పళ్ళెం దించడం ఆమె ఈ గదికి వచ్చాక ఇదే మొదలు.

నాలుగింటికి ఆఫీసు వరండాలో బస్సు జాబితావాళ్ళంతా చేరారు. ఇంటి పెద్దలు సంతకం పెట్టాలి. మేస్త్రి పరుపు కింది చొక్కా వేసుకున్నాడు, మూడు రోజుల పుణ్యమా అని ఒక్క మడత కూడా లేదు. ఆమె ఆయన పక్కనే, మోచెయ్యికి మోచెయ్యి తగిలేలా నిలబడింది. గుమ్మందాకా వచ్చేలోపు, ఏం జరిగినా నోరు తెరవొద్దని నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ సరే అన్నాడు.

ఆఫీసరు చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. బల్ల మీద జాబితా ఉంది, దాని పక్కన స్టోరు తాళం ఉంది, దాని పక్కన గొడుగు ఊచ ఉంది. ఎదురుగా స్టూలు మీద కండక్టర్. ఈ ఊచతోనే తీశాడండీ అని స్టోర్‌కీపరు అప్పటికి పదోసారి చెప్తున్నాడు. నాకు చేతకాదండీ అని కండక్టర్ కూడా పదోసారి చెప్తున్నాడు. ఆఫీసరుకి విసుగొచ్చింది. తాళం వేసి, ఊచతో సహా కండక్టర్ ముందుకి తోశాడు.

"రెండు నిమిషాలు టైమిస్తున్నాను. తియ్యి. తియ్యలేకపోతే నువ్వు కాదని రాసుకుంటాను. అందరూ సంతకాలు పెట్టి వెళ్ళిపోండి, నాకూ ఇల్లుంది."

మేస్త్రి భార్యకి గుండెల మీదినుంచి బండ దిగినట్టయింది. దేవుడున్నాడు. కండక్టర్ జన్మలో తియ్యలేడు. ఆయన పేరూ ఉంటుంది, తమ పేరూ ఉంటుంది. రేపు బస్సులో ఆయన కాళ్ళు పట్టుకుని క్షమాపణ అడగొచ్చు. నోరు మూసుకుని రెండు నిమిషాలు నిలబడితే చాలు. రెండంటే రెండే నిమిషాలు.

కండక్టర్ ఊచ తీసుకుని రంధ్రంలో పెట్టాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అందరూ చూస్తున్నారన్న భయానికి బలంగా తోశాడు. లోపల కిర్రుమంది.

తన మోచెయ్యి పక్కనున్న మోచెయ్యి బిగుసుకోవడం ఆమెకి తెలిసింది. చొక్కా చెయ్యి పట్టుకుంది.

కండక్టర్ తాళాన్ని బల్ల అంచుకి ఆనించి, రెండు చేతులతో ఊచని కిందికి నొక్కాడు. మళ్ళీ కిర్రుమంది, ఈసారి గట్టిగా. ఆఫీసరు గడియారం చూస్తున్నాడు. నిమిషం దాటింది. కండక్టర్ ముక్కు మీద చెమట పట్టింది, ఊచ విల్లులా వంగింది.

"అలా నొక్కకు. రెండో పలక విరిగిపోతుంది."

ఆ మాట ఎవరన్నారో వరండాలో కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అన్నవాడికి కూడా అర్థమైనట్టు లేదు. పొద్దున్నుంచి కండక్టర్ కోసం తెరవని నోరు తాళం కోసం తెరిచాడు. ఆమె పెన్సిల్ దాచింది, పిన్ను దాచింది, ట్రంకు తాళం దాచింది. ఆయన నోరు దాచడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

ఆఫీసరు గడియారం మీదనుంచి చూపు తిప్పాడు. "రెండో పలకా?"

మేస్త్రి చూపు తాళం మీదే ఉంది.

"ఇలా వచ్చి నువ్వు తియ్యి."

వెళ్ళొద్దన్నట్టు ఆమె చొక్కా చెయ్యిని లాగింది. బట్ట నున్నగా ఉంది, వేళ్ళలోంచి జారిపోయింది.

కండక్టర్ స్టూలు మీదినుంచి లేచి చోటిచ్చాడు. మేస్త్రి కూర్చున్నాడు. ఊచని ఒకసారి బల్లకేసి రుద్ది నిటారు చేశాడు. తాళాన్ని ఎడమ అరచేతిలోకి తీసుకుని, తల వంచి, ఊచ కొన లోపల పెట్టాడు. భోజనానికి స్పూను పట్టుకుంటే వణికే చెయ్యి అది, ఇప్పుడు వణకడం లేదు. ఎవరూ పూర్తిగా ఊపిరి తీసుకోకముందే తాళం తెరుచుకుంది. మేస్త్రి నవ్వాడు. నవ్వకూడదని ఆయనకి తెలుసు, అయినా ఆగలేదు. పద్నాలుగు నెలల తర్వాత మొగుడి ముఖంలో నవ్వు చూసి, ఆ నవ్వు ఇక్కడ చూడాల్సి వచ్చినందుకు ఆమె చచ్చిపోవాలనుకుంది.

ఆఫీసరు కొక్కెం తిప్పి చూశాడు. మూడు గాట్ల మీద గోరు పెట్టి గీశాడు.

"డబ్బాలెక్కడ?"

"డబ్బాల సంగతి నాకు తెలియదండీ. తాళం బాగుచేశాను, అంతే. లోపలికి పోలేదు."

"తాళం బాగుచెయ్యడానికి స్టోరు తాళం తీశావు. తీసినవాడివి లోపలికి పోలేదు. ఇది నేను పైకి రాసి పంపాలి. పైవాళ్ళు నమ్మాలి."

ఆమె ముందుకొచ్చింది. పొద్దున్నుంచి పేర్చుకున్న జాగ్రత్తలన్నీ ఎటుపోయాయో పోయాయి. "నిజమేనండీ," అంది. "ఆయన దొంగ కాదు. ఆయనకి పని లేదు. చేతులున్నాయి, పని లేదు, అంతేనండీ. మీరెవరైనా ఆయన్ని పది నిమిషాలు ఆ తాళం ముట్టుకోనిస్తే ఇదంతా అయ్యేది కాదు." కండక్టర్ వైపు చూడలేక, "అన్నయ్యగారు చూశారు," అంది. "చూసి కూడా చెప్పలేదు. మేమే ఊరుకున్నాం. చెప్పేసి వస్తానన్న మా ఆయన్ని ఆపింది నేనే. ఆ తప్పు నాది."

కండక్టర్ మెల్లగా, అవునండీ, తాళం మాత్రమే ముట్టుకున్నాడు, నేను చూశాను అన్నాడు. పొద్దున చూడలేదన్నావుగా అన్నాడు స్టోర్‌కీపరు.

ఆఫీసరు కలం మూత తీశాడు. జాబితాలో వేలు పెట్టుకుంటూ పదిహేడు దాకా వచ్చి ఆగాడు. చాలాసేపు ఆ గీత మీదే కలం పట్టుకుని ఉన్నాడు. నేను చెయ్యగలిగింది ఇంతేనమ్మా అన్నాడు. ఫిర్యాదు గది మీద రాయకుండా, మనిషి మీద రాస్తానన్నాడు. అప్పుడు ఒక్క పేరే పోతుంది.

"రేపు తొమ్మిదింటికి మీకూ, మీ అమ్మాయికీ, మీ అత్తగారికీ చోటుంటుంది. ఆయన ఇక్కడే ఉంటాడు. ఎన్నాళ్ళో నేను చెప్పలేను. ఇప్పుడే చెప్పాలి. వెళ్తారా?"

సంతకాల కోసం వచ్చినవాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు. ఏడోసారి చెయ్యలేను నాన్నా అన్న గొంతు ఆమె చెవిలో వినపడింది. ఏదో ఒకటి చెప్పమని, వెళ్ళమనో వద్దనో ఆయన్నే చెప్పమని, మొగుడి వైపు తిరిగింది.

ఆయన ఈ మాటలేవీ విన్నట్టు లేడు. తాళాన్ని వేసి, తీసి, మళ్ళీ వేసి, చెవి దగ్గర పెట్టుకుని, రెండో పలక నిలిచిందో లేదో వింటున్నాడు.